పిడికెడు కొసరు మీద కేసు

మా అక్క తన కిరాణా దుకాణంలో కందిపప్పు తూచాక, పొట్లం కట్టేముందు ఇంకో పిడికెడు తీసి అందులో పోస్తుంది. దాన్ని కొసరు అంటారు. మా బాపు పోసేవాడు, ఆయన వాళ్ళ బాపూ పోసేవాడట. తూకం ఎంత సరిగ్గా ఉన్నా కొసరు పడనిదే కొన్న మనిషి మెట్టు దిగడు. కొసరు తక్కువైతే తూకం మీద కూడా అనుమానం మొదలవుతుంది. అడిగి వేయించుకునేవాళ్ళు కొందరు, అడగకుండా కళ్ళతోనే చూసేవాళ్ళు కొందరు. అక్క ఇద్దరికీ ఒకే పిడికెడు పోస్తుంది.

ఆ పిడికెడు మీద కోర్టులో ఒక ఎన్నికల కేసు నడిచింది. అక్క కార్పొరేటర్ పదవి ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ కేసులో తేలాల్సిన సంగతి.

నాది పక్క సందులో స్టీలు సామాన్ల దుకాణం. బేరంలో నన్ను మించినవాడు మా బజారులో లేడని నా అభిప్రాయం. ఈ మాట ఇంతవరకు మరెవరూ అనలేదు. మా పెళ్ళి మాటలప్పుడు ముహూర్తం మీద కూడా బేరమాడానని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంది. అది అబద్ధం. నేను బేరమాడింది ఫంక్షన్ హాలు మీద. హాలు చవగ్గా దొరికే రోజు కోసం ముహూర్తం కాస్త జరిగింది, అంతే.

మా డివిజన్ ఆ ఎన్నికల్లో మహిళలకు రిజర్వ్ అయింది. వాన పడితే మా బజారులో మోరి పొంగుతుంది. ఆ మురికినీళ్ళు అక్క దుకాణం మెట్లెక్కి కింది వరసలో బస్తాలను తడుపుతాయి. కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగి విసిగిపోయిన అక్క ఒకనాడు గల్లాపెట్టె మీద చేయి చరిచి, "ఆళ్ళను అడుగుడేంది, నేనే పోయి ఆడ కూసుంట" అన్నది. పిండి గిర్ని నడిపే బావ, "కూసుంటే మంచిగనే ఉంటది గని, గీడ ఎవరు కూసుంటరు?" అని అడిగాడు. ఆయన అభ్యంతరం అంతవరకే. ఏ పార్టీ గుర్తూ లేకుండా అక్క నామినేషన్ వేసింది. ఎదురు నిలబడ్డవాళ్ళలో గట్టి మనిషి పప్పుల మిల్లు యజమాని భార్య. పోటీలో ఉన్నది ఆమె, మాట్లాడేది ఆయన.

నామినేషన్ల గడువు ముగిశాక అభ్యర్థులందరినీ ఒక హాలుకు పిలిచి నియమాలు చెప్పారు. నేను అక్క వెంట వెళ్ళాను. అధికారి ఓపికగల మనిషి. ఓటు వేయించుకునే ఉద్దేశంతో ఓటరుకు ఏమిచ్చినా, ఇస్తానని చెప్పినా చట్టం దృష్టిలో అది లంచమేనని, రుజువైతే గెలిచాక కూడా ఎన్నిక రద్దవుతుందని, కొన్నేళ్ళపాటు మళ్ళీ నిలబడే అర్హత పోతుందని చెప్పాడు. అందరూ తల ఊపారు. ధర చెప్పిన వెంటనే తల ఊపడం నా రక్తంలో లేదు. లేచాను.

"సార్, ఇంటికొచ్చినోళ్ళకు చాయ్ పొయ్యొచ్చునా?"

"పోయొచ్చు. ఖర్చులో చూపించాలి."

"సగం కప్పు పోస్తే?"

"సగం కప్పూ చూపించాలి."

"చక్కెర లేకుంటనైతే సార్?"

హాలంతా నవ్వింది. అధికారి కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "మీరు అభ్యర్థా?"

"కాదు సార్, అభ్యర్థి తమ్ముణ్ణి."

"అయితే కూర్చోండి."

నేను కూర్చోగానే అక్క లేచింది. "సార్, నాది కిరాణా దుకాణం. పప్పు మీద, బియ్యం మీద కొసరు పోస్త. గిప్పుడు పొయ్యొచ్చునా, పొయ్యొద్దా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "దానికి డబ్బు తీసుకుంటారా?"

"తీసుకోను."

"అంటే ఊరికే ఇస్తున్నట్టేగా."

"ఊరికే గాదు సార్, కొన్నందుకు."

"ఎందుకొచ్చిన తిప్పలమ్మా? ఎన్నికలయ్యేదాకా ఆపేయండి. అదే మంచిది."

అట్లాంటి సలహాను మామూలు మనిషైతే హాలు గేటు దగ్గరే వదిలేసి వస్తాడు. కాస్త తెలివున్న మనిషైతే నోరు మెదపకుండా కొసరు తగ్గిస్తాడు. మా అక్క అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో, "ఎన్నికల నియమావళి అమలులో ఉన్నందున కొసరు ఇవ్వబడదు" అని రాయించి తరాజు పక్కన వేలాడదీసింది.

"అక్కా, కొసరు బంద్ పెడితే పెట్టు, గని బోర్డెందుకే? చూసినోళ్ళు నవ్వుతాండ్రు" అన్నాను.

"చెప్పకుంట బంద్ పెడితే తూకంల కొడ్తాంది అంటరు తమ్మీ. నవ్వినా మంచిదే, దొంగ అనొద్దు."

దుకాణాల్లో పెరిగినవాణ్ణి, ఆ మాట నాకూ తెలిసిందే. ధర పెంచినా, సరుకు మారినా ముందు చెప్పాలి. చెప్పకుండా చేస్తే అది మోసం. మాకు చిన్నప్పటినుంచి నూరిపోసింది అదే. ఆ బోర్డు వేరే వాళ్ళ చేతుల్లో ఏమవుతుందో మా ఇద్దరికీ తోచలేదు.

మొదటి చిక్కు బయటి ఊళ్ళవాళ్ళతో వచ్చింది. పరకాల నుంచీ నర్సంపేట నుంచీ మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతులు వెళ్ళేటప్పుడు అక్క దగ్గరే సామాను కొంటారు. వాళ్ళలో ఒకాయన బోర్డు చదివి, "మాకు గీడ ఓటే లేదు గదక్కా, మాకెందుకు బంద్ పెట్టినవ్?" అన్నాడు. న్యాయమైన మాటే. అక్క ఆయనకు కొసరు పోసింది. ఆ రోజు నుంచి సామాను తూచేముందు, "నీ ఓటేడున్నది?" అని అడగడం మొదలైంది. ఓటు లేనివాళ్ళకు కొసరు, ఉన్నవాళ్ళకు లేదు. మా బజారువాళ్ళకు ఇది ఎట్లా కనిపించిందో చెప్పనవసరం లేదు. వీధిలో పుట్టి పెరిగినవాళ్ళు చేతులు ఊపుకుంటూ వెళ్తుంటే ఎక్కడివాళ్ళకో పిడికిళ్ళు పడుతున్నాయి.

త్వరలోనే జనం తెలివి మీరారు. ఎదురింటి ఆమె వచ్చి, "నాకు ఓటు లేదక్కా, లిస్టుల పేరే రాలే" అన్నది. ముందు రోజు సాయంత్రమే అక్కా నేనూ వాళ్ళింటికి వెళ్ళి చేతులు జోడించి ఓటు అడిగి వచ్చాం.

"నిన్న నాకే ఏస్తనంటివి గదనే?" అన్నది అక్క.

"నిన్న యాదిలేదు" అన్నదామె, సంచి నోరు తెరిచి పట్టుకుని.

చివరికి ఒక పెద్దవ్వ వచ్చింది. మా బాపు కాలం నుంచీ పావుకిలో పప్పు కోసం వచ్చే మనిషి. బోర్డు చదవడం రాదు. పొట్లం చేతికి వచ్చాక కూడా కదలకుండా నిలబడింది.

"ఏం బిడ్డా, నా పిడికెడు గూడ సర్కారే గుంజుకున్నదా?"

"గట్లగాదు పెద్దవ్వా. ఎలక్షన్లు అయిపోనియ్యి, అటెన్క రెండు పోస్త."

నేను అక్కడే ఉన్నాను. "అక్కా, గట్లనకు! అది వాగ్దానం!" అన్నాను. ఓటరుకు ఇస్తానని చెప్పినా నేరమేనని హాలులో విన్నది నేనొక్కణ్ణే గుర్తుపెట్టుకున్నట్టున్నాను. అక్క నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఇదేమీ అర్థం కాని పెద్దవ్వ పొట్లాన్ని తరాజు మీద పెట్టి, "అయితే అయిపోయినంకనే కొంట" అని మెట్లు దిగింది.

అక్క ఆమె వీపు వంక చూస్తూ నిలబడింది. తర్వాత బోర్డును దారంతో సహా పీకి బస్తాల వెనక పడేసింది. బజారులోకి వెళ్ళి పెద్దవ్వను చేయి పట్టి తీసుకొచ్చి, పొట్లం విప్పి, పిడికెడు పోసి, మళ్ళీ కట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చప్పట్లు కొట్టకుండా ఫోను పట్టుకుని నిలబడ్డ మనిషి ఒకడున్నాడు. వాడు పప్పుల మిల్లులో పనిచేసేవాడని అప్పుడు ఎవరం గమనించలేదు.

అక్క గెలిచింది. చెప్పుకోడానికి సిగ్గుపడేంత తక్కువ ఓట్లతో గెలిచింది. మెజారిటీ ఎంతని అడిగితే, "గెలుపు గెలుపే" అని నేను మాట మార్చేవాణ్ణి. ప్రమాణ స్వీకారమయ్యాక మోరి పని మంజూరు కోసం తిరగడం మొదలుపెట్టింది. అది ఒక కొలిక్కి రాకముందే కోర్టు నోటీసు వచ్చింది.

మిల్లు యజమాని భార్య పేరున వేసిన ఎన్నికల పిటిషన్ అది. అక్క ఓటర్లకు లంచం ఇచ్చి గెలిచిందని, ఆమె ఎన్నికను రద్దు చేయాలని కోరారు. జత చేసినవి బోర్డు ఫోటో, పెద్దవ్వకు పిడికెడు పోస్తున్న వీడియో. వాదం తేలికగా అర్థమయ్యేదే. కొసరు ఎన్నికల సమయంలో ఇవ్వకూడనిదని తనకు తెలుసని అభ్యర్థి స్వయంగా రాసి పెట్టుకుంది. తెలిసి, ఆపి, ప్రచారం నడుస్తుండగా మళ్ళీ ఇచ్చింది. కాబట్టి అది ఓటు కోసమే. చదివాక నాకు మిల్లాయన మీద కోపం కంటే ఆయన వకీలు మీద గౌరవం ఎక్కువ కలిగింది. మేము నిజాయితీ అనుకుని వేలాడదీసిన అట్ట ముక్కను ఆయన సాక్ష్యంగా మార్చేశాడు.

అక్కకు పదవి పోతుందన్న దిగులు కంటే, ఓట్లు కొన్నదన్న పేరు ఎక్కువ కుట్టింది. బజారులో పిల్లలు కూడా కొసరు కార్పొరేటర్ అనడం మొదలుపెట్టారు. "బాపు కూసున్న గల్లా ఇది. గీ మాట పడుడా?" అని నాతో అన్నది. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. అంటే, నాకు చేతనైన ఒకే ఒక్క పని చేయడానికి మిల్లుకు బయలుదేరాను.

మిల్లాయన నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. కుర్చీ చూపించి చాయ్ తెప్పించాడు. మా మధ్య పాత పరిచయమే. వాళ్ళింట్లో పెళ్ళికి సామాను నా దగ్గరే తీసుకున్నారు.

"ఏం సేటూ, రాకరాక వచ్చినవ్."

"పప్పు ధర అడిగిపోదామని."

"మీ అక్క దగ్గర చవుక గదా. కొసరు గూడ వస్తది."

"నీ దయ వల్ల గిప్పుడు అందరికీ తెలిసె."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత చాలాసేపు వాన గురించి, మార్కెట్ గురించి, ఆయన మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. అసలు సంగతి ముందు ఎత్తినవాడు ఓడినట్టు. ఆయనే ఎత్తాడు.

"చూడు సేటూ, నాకు మీ అక్క మీద పగ లేదు. మా ఆమె ఓడిపోయినందుకు ఫికర్ లేదు. నా మిల్లు ముంగట మోరి ఎట్లున్నదో వచ్చేటప్పుడు చూసినవా?"

"చూసిన. దుంకి వచ్చిన."

"కొత్త మోరి నా మిల్లు కాన్నుంచి మొదలుపెట్టియ్యి. కేసు నేను వాపస్ తీసుకుంట."

నేను అప్పుడే ఒప్పుకోలేదు. మా బజారు సగం, మీ సందు సగం అన్నాను. ఆయన కుదరదన్నాడు. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. ఆయన పిలిచాడు. మళ్ళీ కూర్చున్నాను. చివరికి రెండు వైపుల నుంచీ ఒకేసారి తవ్వడానికి ఒప్పందం కుదిరింది. బయటికి వచ్చేటప్పుడు నా నడకలో కాస్త ఊపు ఉన్నట్టు నాకే తెలిసింది.

మా వకీలు మరిపెడ నుంచి వచ్చి హనుమకొండలో ప్రాక్టీసు పెట్టిన ఒకామె. చిన్న వయసు, పెద్ద ఫైళ్ళు. అక్కను వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళి, నా ఘనకార్యాన్ని ముందు నుంచి చివరిదాకా వినిపించాను. చెప్పులు వేసుకున్న ఘట్టం రెండుసార్లు చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు మేడమ్. ముందు మీకే."

"మంచిది. ఇంక ఎవరికీ చెప్పకండి. ఎన్నికల పిటిషన్‌కు అట్లా రాజీ ఉండదండి. వేసినవాళ్ళు వెనక్కి తీసుకోవాలన్నా జడ్జిగారు అనుమతించాలి. బేరం మీద తీసుకుంటున్నారని తెలిస్తే అనుమతించరు. పైగా వాళ్ళు తప్పుకుంటే ఇంకో ఓటరు వచ్చి నేను నడుపుతానని అనవచ్చు."

"మా ఇద్దరికీ ఇష్టమైనంక మూడోవాడికేం పని?"

"ఇది మీ ఇద్దరి మధ్య తగాదా కాదు కనుక. డివిజన్‌లో ఓటేసిన ప్రతివాళ్ళదీ."

ఇద్దరు మనుషులు ఒప్పుకున్నాక చెల్లని వ్యవహారం ఒకటి లోకంలో ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. బేరం పనికిరాదని ముందే ఊహించి ఎవరో చట్టంలో రాసి పెట్టారంటే, నాలాంటివాణ్ణి వాళ్ళు ఎక్కడో చూసే ఉండాలి.

అక్కకు కోపం రావడానికి కారణం వేరు. "మోరి మీద బేరం పెట్టొస్తివా? నీళ్ళు ఎటు వాలుతయో అటుకెల్లి తవ్వాలె గని, ఎవడు కేసు వేస్తే ఆని ఇంటి కాన్నుంచి తవ్వుతరా?"

"నీ సీటు కాపాడుదామనే అక్కా."

"నా సీటు కాపాడుడు గాదు, నువ్వు నా పేరు మీద కార్పొరేటర్‌గిరి చేస్తానవ్."

వకీలు ఫైలు తెరిచి తల వంచుకుంది. నవ్వు దాచుకోవడానికి అయి ఉంటుంది.

కేసు వాయిదాలు దాటుకుంటూ సాక్ష్యాలకు వచ్చింది. మా వైపు నుంచి పరకాల రైతు ఒకాయన వచ్చి, తనకు ఇక్కడ ఓటు లేదని, అయినా కొసరు పడిందని చెప్పాడు. అది బాగా పనిచేసిందని వకీలు సంతోషించింది. అక్కకు చెప్పాల్సిన జవాబులు ముందే నేర్పింది. బోర్డు ఎందుకు తీశారంటే గిరాకీ పోతుందని తీశానని చెప్పాలి. అది నిజమే కూడా. ఓట్ల మాట ఎత్తితే, ఆ ఆలోచనే రాలేదని చెప్పాలి. నేను నా వంతు పాఠం చెప్పాను. అడిగినదానికే జవాబివ్వు, మొదటి ధర నువ్వు చెప్పకు, అవతలివాడు మౌనంగా ఉంటే నువ్వూ మౌనంగా ఉండు.

అక్క బోనులో నిలబడింది. మిల్లాయన వకీలు మృదువుగా మాట్లాడే పెద్దమనిషి.

"బోర్డు మీరే పెట్టించారా అమ్మా?"

"నేనే."

"మీరే తీసేశారా?"

"నేనే."

"ఎందుకు తీశారు?"

"గిరాకీ పోతాంది సార్."

"గిరాకీ అంటే మీ దగ్గర కొనేవాళ్ళు. వాళ్ళలో మీ డివిజన్ ఓటర్లున్నారా?"

"శానా మంది ఉన్నరు."

"కొసరు ఇవ్వకపోతే వాళ్ళు మీకు ఓటు వేయరేమోనని, బోర్డు తీసేటప్పుడు మీకు అనిపించిందా?"

మా వకీలు లేచి అభ్యంతరం చెప్పింది. జడ్జిగారు విని, ప్రశ్నను అనుమతించారు. మా ఇంట్లో ఒక సైగ ఉంది. గిరాకీ ముందు ఒకరు ధర తగ్గించబోతుంటే, తగ్గించవద్దని రెండోవాళ్ళు మెడ గోక్కుంటారు. నేను వెనక వరసలో నిలబడి మెడ గోక్కున్నాను. అక్క నా వైపు చూసింది. ఇంకా గట్టిగా గోక్కున్నాను.

"వెనక ఎవరది?" అన్నారు జడ్జిగారు. "దురదగా ఉంటే బయటికి వెళ్ళండి."

నా చేయి కిందికి దిగింది. అక్క జడ్జిగారి వైపు తిరిగింది.

"అనిపించింది సార్. అనిపియ్యకుంట ఎట్లుంటది? ఎలక్షన్ల నిలబడ్డ మనిషికి చాయ్ తాగినా ఓటే యాదికొస్తది. గని కొసరు నేను ఇచ్చేది గాదు, ఆళ్ళకు రావాల్సింది. నేను బంద్ పెట్టుడే తప్పు."

జడ్జిగారు సాక్ష్యాన్ని చెప్పి రాయించారు. అంత మాటా ఒక్క వాక్యమైంది: బోర్డు తీసేటప్పుడు ఓట్ల సంగతి నా మనసులో ఉన్న మాట వాస్తవమే. చదివి వినిపించి సంతకం పెట్టమంటే అక్క పెన్ను పట్టుకుని ఆగింది.

"రెండో ముక్క ఏది సార్? ఆళ్ళకు రావాల్సిందన్నది?"

ఆయన ఏమీ విసుక్కోకుండా దాన్నీ చేర్పించారు. అక్క సంతకం పెట్టింది. మా వకీలు తన కాగితాల అంచులు సరిచేసుకుంటూ కూర్చుంది.

తీర్పు వచ్చిన రోజు ఎండ బాగా కాస్తోంది. అక్క ఎన్నిక రద్దయింది. చట్టం చెప్పినంత కాలం మళ్ళీ నిలబడటానికి వీల్లేదు. కొసరు వ్యాపారంలో ఉన్న ఆచారమేనని జడ్జిగారు ఒప్పుకున్నారు. బోర్డే పెట్టకపోయి ఉంటే వేరే సంగతి అన్నట్టు రాశారు. కానీ ఎన్నికల సమయంలో అది ఇవ్వరానిదని అభ్యర్థే ప్రకటించి, ఓట్లను మనసులో పెట్టుకుని తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాక, దాన్ని ఉత్త ఆచారమనడం కుదరదు. ఓటు లేనివాళ్ళకు కూడా ఇచ్చారన్నది, ఓటున్నవాళ్ళకు ఇచ్చినదాన్ని చెరిపేయదు. వకీలు వాక్యం వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే, ఎక్కడ అడ్డుపడాలా అని వెతికాను. దొరకలేదు.

కోర్టు ఆవరణలో నీడపట్టున నిలబడ్డాం. మిల్లాయన దూరం నుంచి ఒకసారి తల పంకించి తన కారెక్కాడు. ఆయన మొహంలో గెలిచిన కళ ఏమీ లేదు. ఉప ఎన్నికలో తన భార్యకు మా బజారులో ఎవరు ఓటేస్తారో ఆయనకూ తెలిసే ఉండాలి.

వకీలు ఫైల్లోంచి వకాలత్ కాగితం తీసింది. "పైకోర్టుకు పోవచ్చు. మనసులో ఓట్ల సంగతి ఉండటం వేరు, ఓటు కొనడం వేరు. ఆ పాయింటు మీద మనం గెలవచ్చు. గట్టి కేసే."

"పోదాం మేడమ్" అన్నాను వెంటనే. మొదటి ధరకే ఒప్పుకోవడం నా జీవితంలో అది రెండోసారో మూడోసారో అయి ఉంటుంది.

"అండ్ల ఏం రాస్తరు?" అని అడిగింది అక్క.

"ఆ పాయింటే రాస్తాం. దానికి తోడు, క్రాస్‌లో వాళ్ళ వకీలు అడిగితే మీరు అన్న మాట ఉంది కదా. ప్రశ్న సరిగ్గా అర్థం కాక, అయోమయంలో అట్లా అన్నారని రాయాలి. లేకపోతే ఆ మాటే మళ్ళీ అడ్డొస్తుంది."

"నాకు అర్థమయ్యే అన్న."

"అది నాకు తెలుసమ్మా. కాగితంలో రాసే పద్ధతి అది."

"ఆయన మంచిగనే అడిగిండు, నేను మంచిగనే చెప్పిన. అయోమయం ఏడిది?" అక్క కొంగుతో మెడ తుడుచుకుంది. "దుకాణంల కూసునేదాన్ని మేడమ్. అడిగింది అర్థం కాక ఏదో ఒకటి అన్ననని నేనే సంతకం పెట్టి ఇస్తే, రేపు నా తరాజు ముంగట ఎవరు నిలబడ్తరు?"

"అక్కా, పూర్తిగ వద్దు" అన్నాను. "సగం అయోమయం అని రాయిద్దాం. కొంచెం అర్థమైంది, కొంచెం కాలే."

వకీలు ఈసారి నవ్వు దాచుకోలేదు. అక్క నవ్వలేదు.

"ఓట్లు కొన్నదని ఆళ్ళు రాసిండ్రు. రాయనియ్యి. కొనలేదని నాకు ఎరుకే, బజారుకు ఎరుకే. మాట మార్చిందని మాత్రం నా చేత్తోటి నేను రాయ. గా కాయితం లోపట పెట్టుండ్రి మేడమ్. మీరు మంచిగ కొట్లాడిండ్రు."

అప్పీలుకు గడువు ఉందని, ఆలోచించుకుని రమ్మని వకీలు చెప్పింది. అక్క తల ఊపింది. ఆ తల ఊపడం నాకు తెలుసు. కొనే ఉద్దేశం లేని మనిషి మర్యాదకు మళ్ళీ వస్తానని చెబుతూ ఊపేది అట్లాగే ఉంటుంది.

"నడువు తమ్మీ. బావ ఒక్కడే కూసున్నడు దుకాణంల. ఆయనకు చింతపండు ఏ డబ్బల ఉన్నదో ఎరుక లేదు."

గేటు బయట ఒక ఆటో ఆగి ఉంది. చౌరస్తాకు ఎంతని అడిగాను. డ్రైవర్ చెప్పినదాంట్లో సగం నుంచి మొదలుపెట్టాను. అతను ఎండను చూపించాడు, నేను పక్కన ఖాళీగా ఉన్న ఇంకో ఆటోను చూపించాను. మా మాటలు ఒక దారికి వస్తున్నాయనుకునేలోపు వెనక సీటు కిర్రుమంది. అక్క ఎక్కి కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. మనిషి ఎక్కి కూర్చున్నాక బేరం నడవదని డ్రైవర్‌కూ తెలుసు, నాకూ తెలుసు.